పెండ్లికొడుకు టోపీ

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఆ శనివారమైతే మరీను. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇల్లు ఊడ్చాను, ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చాను, పాలు పొంగబెట్టాను, మిషన్‌లో గుడ్డ పెట్టకుండానే తొక్కి దారమంతా చిక్కు చేసుకున్నాను. మా ఆయన శాంసన్ గడప మీద కూర్చుని పేపరు చదువుతూ ఇదంతా చూస్తున్నాడు. ఆయన బడి వ్యాను నడుపుతాడు. అంతమంది పిల్లల గోల మధ్య కూడా ఈల వేసుకుంటూ పోయే రకం. ఆయన నిదానం చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

“కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావ్. కూర్చో తస్లీమ్” అన్నాడు.

“నీకేం, పెండ్లి మీ తమ్మునిది కాదు కద.”

“మీ తమ్మునిదే. నిన్ను పిలిచినారా మల్ల?”

పిలవలేదు. అదే కదా నా బాధ. తెల్లవారితే ఆదివారం, ఆళ్లగడ్డలో మా వసీం నిఖా. నేనేమో నలభై కిలోమీటర్ల దూరాన నంద్యాలలో చీపురు పట్టుకుని తిరుగుతున్నాను.

మేం దూదేకులవాళ్లం. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా నాయన బుడేన్ ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే అంగడి పెట్టుకుని పరుపులు, దిండ్లు కుడతాడు. నాలుగేళ్ల కిందట నేను చర్చికి పోయే శాంసన్‌ను చేసుకున్నాను. ఆ రోజు మా నాయన దూది ఏకుతూనే, తల ఎత్తకుండా, “నాకు ఉండేది ఒక్కడే కొడుకు. కూతురు లేదు” అన్నాడట. ఆ మాట మీదే ఉన్నాడు. ఇంట్లో అందరి ఫోన్లలోనూ నా నంబరు ఆపించాడు. నేను ఇష్టపడి పెండ్లి చేసుకున్నాను, ఎవరి కొంపా ముంచలేదు. ఈ ముక్క ఆయన ముఖం మీదే చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. చెప్పడానికి ఆ ముఖం కనిపించాలి కదా.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఊళ్లో అందరికీ ఉందో లేదో నాకు తెలియదు. నిఖాలో పెండ్లికొడుకు పెట్టుకునే టోపీ వాడి తోడబుట్టింది కుట్టాలి. మా నాయన టోపీ హజీరా అత్త కుట్టింది, మా తాత టోపీ ఆయన చెల్లెలు కుట్టింది. అక్కచెల్లెళ్లు లేనివాడే అంగట్లో కొనుక్కుంటాడు. రేపు వసీం అంగడి టోపీతో కూర్చున్నాడంటే, ఆ ఇంటికి కూతురు లేదన్న మాట నలుగురి ముందూ ఖాయమైపోయినట్టే. ఆ తర్వాత నేను ఎవరికి అక్కను?

అందుకే ఎవరూ అడగకుండానే కుట్టాను. అసలు నా పనే టోపీలు. చిన్నపిల్లల ఎండ టోపీలు, ముందుకు రెక్క ఉన్నవి, చుట్టూ అంచు ఉన్నవి, ఇంట్లోనే కుట్టి గాంధీచౌక్ దగ్గరి అంగడికి వేస్తాను. ఫోన్లో చూసి నేర్చుకుని క్యాలెండరు అట్టల మీద గీసి కత్తిరించి పెట్టుకున్న నమూనాలు నావి, గోడకు మేకు కొట్టి తగిలించి ఉంటాయి. రెండేళ్ల పిల్లలకొకటి, అయిదేళ్ల వాళ్లకొకటి, పెద్దవాళ్లకు చిన్నదీ నడిమిదీ పెద్దదీ. గుడ్డ మీద అట్ట పెట్టాలి, సుద్దతో గీయాలి, కుట్టుకు అరంగుళం వదిలి కత్తిరించాలి. తల ఎవరిదో చూడాల్సిన పనే లేదు. అది నాకు గొప్పగా ఉండేది.

వసీం టోపీకి మాత్రం ఆ గొప్ప పనికిరాలేదు. నేను వచ్చేసినప్పుడు వాడు ఇంటర్ చదివే బక్కపిల్లోడు. ఇప్పుడు గడ్డం కూడా పెంచాడట. నడిమి సైజా, పెద్ద సైజా? చివరికి నడిమి అట్టే పెట్టి తెల్ల పాప్లిన్ కత్తిరించాను. పైన గుండ్రటి బిళ్ల, చుట్టూ పట్టీ, పట్టీ నిలబడడానికి లోపల బక్రం, చెమట పీల్చడానికి మల్లుగుడ్డ లైనింగు. పట్టీ చుట్టూ తెల్ల పట్టుదారంతో సన్నటి తీగ కుట్టాను. కుట్టాక శాంసన్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి ఆయన తల మీద పెట్టి చూశాను. బాగానే నిలబడింది.

“నా నెత్తి మీద పెట్టి చూసినావని తెలిస్తే మీ నాయన దీన్ని మూడు నీళ్లు కడుగుతాడు” అన్నాడు శాంసన్.

“నోరు మూసుకో. కదలాకు.”

బుధవారం బస్సెక్కి శిరివెళ్లలో దిగాను. హజీరా అత్త కాపురం అక్కడే. మా వాళ్లలో నాతో మాట్లాడేది ఆమె ఒక్కతే, అది కూడా బస్టాండు దాకానే, ఇంటికి రమ్మనదు. టోపీని అటూ ఇటూ తిప్పి చూసి సంచిలో పెట్టుకుంది.

“పెండ్లి పనికి ఈపొద్దే పోతాండా. ఇస్తా. వాడు పెట్టుకుంటాడో లేదో నేను చెప్పలేను. మీ నాయన సంగతి నీకు తెలుసు కద” అంది.

అంతే. బుధవారం పోయింది, గురువారం పోయింది, శుక్రవారం పోయింది. అత్తకు ఫోను ఉంది కానీ, అరిగిపోతుందని పెట్టెలో పెట్టి తాళం వేసే మనిషి. నేను చేస్తూనే ఉన్నాను, అది ఆ పెట్టెలో మోగుతూనే ఉంది. వాడు పెట్టుకున్నాడా? మా నాయన చూసి పొయ్యిలో వేశాడా? అమ్మ ఏమంది? ఈ ఆలోచనలతో శనివారం మధ్యాహ్నం దాకా ఒక్క పిల్లల టోపీ కూడా పూర్తి చేయలేదు.

మధ్యాహ్నం ఇంటి ముందు ఆటో ఆగింది. శిరివెళ్ల ఆటో సాల్మన్ రాజు. దిగకుండానే ఒక గుడ్డసంచి నా చేతిలో పెట్టాడు.

“హజీరమ్మ ఇమ్మనింది.”

“ఏం చెప్పిందన్నా?”

“ఏం చెప్పల్యా. ఆళ్లగడ్డలో ఆటో ఆపి, నంద్యాలకు పోతాండావ్ కద, ఇచ్చిపో అనింది.”

“మా వసీం కనపడినాడా? మా నాయన?”

“పెండ్లిల్లమ్మా. శానామంది ఉండారు. ఎవురు ఎవురో నాకేం తెలుస్తాది” అని ఆటో తిప్పుకుపోయాడు.

సంచిలో పేపరు చుట్ట, పేపర్లో ఒక టోపీ ఉంది. అది నాది కాదు. ఏనాటిదో పాత టోపీ. తెలుపు పోయి టీ రంగుకు తిరిగింది. పట్టీ మెత్తబడి వాలిపోయింది, లోపల చెమట చార కట్టింది, కుట్లలో దూది పోగులు ఇరుక్కున్నాయి. సంచి దులిపాను, పేపరు విప్పి రెండు పక్కలా చూశాను. చీటీ లేదు, ఏమీ లేదు. నా టోపీ కూడా లేదు.

సంచి నేలకేసి కొట్టాను. నీ టోపీ మాకు అక్కర్లేదు, మా ఇంట్లో పాతవి బోలెడున్నాయి, ఇంకోసారి పంపావంటే ఇదిగో నీ మర్యాద. దాని అర్థం అదేనని తీర్మానించుకున్నాను. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు, తిట్టడానికైనా నన్ను మనిషిగా లెక్కపెట్టాలి కదా. దాన్ని చించి పోగులు పెడదామని కత్తెర కూడా తీసుకున్నాను. దగ్గరికి తీసుకునేసరికి దూది వాసన వచ్చింది. మా పుట్టింట్లో గుడ్డలకూ అన్నానికీ అన్నిటికీ ఆ వాసనే. చేయి రాలేదు. టోపీని మిషన్ మీద పడేసి ఏడ్చాను.

“ఊరికే పంపర్లే. ఏందో అడుగు” అన్నాడు శాంసన్.

“ఎవురినడగాల? పెట్టెలో ఉండే ఫోన్నా?”

మిద్దె మీదికి పోయి ఆరని బట్టలన్నీ తీసుకొచ్చాను. పెండ్లికి పోయేది లేదన్నాను. మెట్లు దిగేలోపు మనసు మారి, పోయి షామియానా కింద అందరి ముందూ కడిగేస్తానన్నాను. కింద మెట్టు దగ్గరికొచ్చేసరికి, ఏం మొహం పెట్టుకుని పోతాను అన్నాను.

“ఏదో ఒకటి తేల్చు. బండికి పెట్రోలు కొట్టించాల్నా వద్దా?” అన్నాడు శాంసన్. ఆయన మీద అరిచాను. పాపం, ఆయన తప్పేం లేదు.

అప్పుడు వచ్చింది కమలమ్మ, మా పక్కింటి పెద్దమ్మ. చేతిలో చిన్న నీలం టోపీ ఉంది, అంచు చిరిగిపోయింది.

“మా మనవనికి ఎండ టోపీ కుట్టీ తస్లీమూ. ఇదో, ఆది.”

ఆది అంటే మా వైపు కుట్టుపని తెలిసిన వాళ్లందరికీ తెలుసు. సరిగ్గా సరిపోయే పాతదాన్ని కుట్టేవాళ్ల చేతికి ఇస్తారు. జాకెట్టు కావాలంటే పాత జాకెట్టు, దిండు గలీబు కావాలంటే పాత గలీబు. టేపు పెట్టించుకోరు, కొలతలు చెప్పరు. నాకు అదంటే చిరాకు.

“అది వద్దు పెద్దమ్మా. పిల్లోనికి ఎన్నేండ్లో చెప్పు చాలు. నా కాడ అట్ట ఉండాది.”

“ఏండ్లతో ఏం పని? వానిది గుమ్మడికాయంత తల. దీని ప్రకారం కుట్టు” అంటూ నీలం టోపీని మిషన్ మీద పెట్టింది. పెట్టి, పక్కనే పడి ఉన్న పాత టోపీని చేతిలోకి తీసుకుంది. “ఇదెవురిది? వీళ్లూ నా మాదిరే ఆది పంపినారే.”

ఆ టోపీని ఆమె చేతిలోంచి లాక్కున్నాను. మా నాయన జీవితమంతా అంగడి గుమ్మంలోకి వచ్చిన ప్రతి మనిషినీ అడిగిన మొదటి మాట, “ఆది తెచ్చినారా?” ఆది లేనిదే సూదిలో దారం ఎక్కించడు. ఆ మాట వింటూ పెరిగినదాన్ని, నంద్యాలకు వచ్చి అట్టలు మేకుకు తగిలించుకుని అన్నీ మరిచిపోయాను. పాత టోపీని కుట్టేదాని చేతికి పంపారంటే పొమ్మని కాదు, కుట్టమని. ఇంత చిన్న సంగతి పక్కింటి పెద్దమ్మ చెబితే గాని నాకు తెలియలేదు.

“పెద్దమ్మా, నీ మనవనికి సోమవారం కుడతా. ఇప్పుడు నువ్వు పో” అన్నాను.

“ఏందీ పిల్ల, వచ్చినోళ్లను పొమ్మంటాది” అని గొణుక్కుంటూ వెళ్లింది కమలమ్మ.

శాంసన్‌కు చెప్పాను. “నేను కుట్టింది వానికి సరిపోలా. అందుకే వాని పాతది పంపినాడు. ఇంకోటి కుట్టుకోని రమ్మని.” చెబుతుంటే నాకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. టేపు తీసి ఆ టోపీ లోపలి చుట్టు కొలిచాను. నా పెద్ద అట్ట కంటే కూడా పావంగుళం ఎక్కువ. వీడి తల ఇంత ఎప్పుడు పెరిగింది?

“నీ తల చూసి మోసపోయినా” అన్నాను శాంసన్‌తో.

“నా తల ఏం చేసింది నడుమ?”

సంతోషం కాసేపే. ఇంట్లో తెల్ల గుడ్డ లేదు, ఉన్న పాప్లిన్ అంతా మొదటి టోపీకే అయిపోయింది. అంగళ్లకు పోయి వెతికి తెచ్చేంత ఓపిక నాకు లేదు. బీరువా తెరిచాను. క్రిస్మస్‌కు చొక్కా కుట్టించుకోవాలని శాంసన్ కొనుక్కున్న తెల్ల గుడ్డ మడత విప్పకుండా ఉంది. తీసి మంచం మీద పరిచాను.

“అది నా పండగ చొక్కా” అన్నాడు శాంసన్.

“జానెడు చాలు.”

“జానెడు పోతే పొట్టి చేతుల చొక్కా అవుతాది.”

“పొట్టి చేతులు నీకు బాగుంటాయిలే.”

ఆయన లేచాడు. తానే వచ్చి గుడ్డ కదలకుండా ఒక కొస పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నా చేతులు నా మాట వినలేదు. పాత టోపీ కుట్లు విప్పితే కొలత సరిగ్గా తెలుస్తుంది, కానీ ఆదిని విప్పకూడదు, తిరిగి ఇవ్వాలి. అందుకని బిళ్లను నాలుగు మడతలు పెట్టి కాగితం మీద గీసుకున్నాను. తొందరలో కొద్దిగా ఎక్కువ గీశాను. పట్టీకి కలిపేసరికి బిళ్ల అంచంతా ముడతలు పడింది. విప్పాను. రెండోసారి సూది బక్రంలో ఇరుక్కుని విరిగింది. మూడోసారి మెల్లగా, అరచేత్తో సర్దుకుంటూ, వేలెడంత కుట్టి ఆగుతూ తిప్పాను. మెల్లగా కుట్టడం నాకు ఎంత కష్టమో శాంసన్‌కు తెలుసు, అందుకే దగ్గరికి రాలేదు. తీగ కుట్టడానికి వ్యవధి లేదు. సాదా టోపీయే అయ్యింది. వీధి దీపాలు వెలిగే వేళకు ముగించి, లోపల పేపరు ఉండ కుక్కి మేకుకు తగిలించాను.

ఆదివారం పొద్దున చర్చి మానేసి శాంసన్ బండి తీశాడు. పాతదీ కొత్తదీ రెండు టోపీలూ ఒళ్లో సంచిలో పెట్టుకుని వెనక కూర్చున్నాను. శిరివెళ్ల దాటాక ముందు ఒక ట్రాక్టరు పడింది, దారి ఇవ్వదు. “దాటు, దాటు” అని ఆయన భుజం మీద తడుతూనే ఉన్నాను. “దాటితే నిఖాకు కాదు, ఆస్పత్రికి పోతాం” అన్నాడు. ఆళ్లగడ్డలోకి రాగానే రోడ్డు పక్క షెడ్లలో రాతి విగ్రహాలు చెక్కుతున్న ఉలుల మోత వినిపించింది. చిన్నప్పటి నుంచి విన్న మోతే. ఆ రోజు అది నేరుగా గుండెలో మోగింది.

ఇంటికి కొంచెం ఇవతల టీ అంగడి దగ్గర శాంసన్ బండి ఆపాడు.

“నేను ఈడనే ఉంటా. నువ్వు పో” అన్నాడు.

“పొమ్మంటే?”

“సంచి పట్టుకోని వచ్చింది టీ తాగనీకేనా? పో.”

అంగడి ముందు షామియానా వేశారు. కుర్చీల నిండా జనం, బిర్యానీ వాసన. రెండు రోజులుగా ఒక చోట నిలవని కాళ్లు షామియానా అంచుకు వచ్చేసరికి ఆగిపోయాయి. చుట్టాలు కొందరు నన్ను చూశారు, చూసి పక్కకు తిరిగి మాట్లాడుకున్నారు. వెనక్కి పోదామనిపించింది. నిజం చెబుతున్నాను, ఒక అడుగు వెనక్కి వేశాను కూడా.

హజీరా అత్త జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చేయి పట్టుకుంది.

“ఇంత ఆలస్యమైతే ఎట్లమ్మే? ఆ పిల్లోడు యాడ?”

“టీ అంగడి కాడ ఉండాడు.”

“ఆడనే ఉండనీ. ఒక్కొక్కటి జరగనీ. టోపీ తెచ్చినావా?”

“తెచ్చినా” అంటూ ఆమె భుజం మీదుగా చూశాను. వేదిక మీద కుర్చీలో వసీం కూర్చుని ఉన్నాడు. గడ్డం, పూలదండ, కొత్త షేర్వాణీ. తల మీద తెల్ల టోపీ, దాని పట్టీ చుట్టూ సన్నటి తీగ. నా టోపీయే. అతికినట్టు సరిపోయింది.

“అత్తా, వానికి అది సరిపోలేదనుకుంటి కద.”

“ఎవురు చెప్పినారు నీకు? బుధవారం ఇచ్చినప్పుడే పెట్టుకోని అద్దం ముందర నిలబడినాడు. తీయమన్నా తీయల్యా.”

నేను సంచిలోంచి పాత టోపీ బయటికి తీశాను. “మల్ల ఈ ఆది ఎవురిది?”

అత్త పక్కకు జరిగింది. గడ్డంతో అంగడి వైపు చూపించింది.

అంగడి అరుగు మీద, మూటలు కట్టిన పరుపుల పక్కన మా నాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చుట్టూ వచ్చిన మగవాళ్లందరి తలల మీదా టోపీలున్నాయి. పెండ్లికొడుకు తండ్రి తల మీద మాత్రం నాలుగు కొసలూ ముడి వేసిన చేతిగుడ్డ ఉంది.

“నిన్న తన టోపీ తానే పేపర్లో చుట్టి నా చేతికిచ్చినాడు. పంపించు అన్నాడు, అంతే. ఇంకో మాట లే” అంది అత్త. “అప్పట్నించి ఆ గుడ్డే. ఎవురు టోపీ ఇచ్చినా నాకుండాది అంటాడు. యాడుండాది అంటే చెప్పడు.”

ఆయన నన్ను చూశాడు. లేచాడు. అరుగు దిగి, జనంలోంచి నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు. పేరు పెట్టి పిలవలేదు, ఎట్లుండావు అనలేదు. చేయి చాపాడు.

“తెచ్చినావా?”

ఇచ్చాను. ఆయన మొదట కొత్త టోపీని లోపలికి తిరగేశాడు. పరుపు కుట్టు చూసినట్టే బొటనవేలితో కుట్టు వెంబడి చుట్టూ రాశాడు. తర్వాత చేతిగుడ్డ విప్పాడు. నేను వచ్చేసిన రోజు నల్లగా ఉన్న తల మొత్తం నెరిసిపోయింది. టోపీ పెట్టుకుని రెండు చేతులతో చెవుల దాకా సర్దుకున్నాడు.

“కుట్లు దూరం దూరం పడినాయి” అన్నాడు.

నేను కళ్లు తుడుచుకున్నాను.

“ఏడ్సాకు. ఖాజీసాబు వచ్చే యాళైంది. లోపల మీ అమ్మ ఉండాది, బేగా పో.”

“సరే నాయనా” అన్నాను. నాలుగేళ్లలో ఆ పిలుపు నా నోట రావడం అదే మొదలు.